పేరొకరిది.. గుండె మరొకరిది!

వాచీ మీద ఒక పేరుంటుంది. ఆ పేరు చూసే లక్షలు పోసి కొంటారు. వెనకమూత విప్పితే మాత్రం, లోపల టిక్‌టిక్‌మనే మిషను చాలాసార్లు ఆ పేరుగలవాళ్లు చేసింది కాదు. ఎక్కడో కొండల నడుమ, కొనేవాళ్లు పేరైనా వినని మరో కంపెనీలో తయారైంది. ఇదేదో నకిలీ సరుకు బాగోతం అనుకునేరు! ప్రపంచంలోకెల్లా ఖరీదైన, అసలుసిసలు స్విస్ వాచీల సంగతే ఇది.

1972లో ఒడెమార్ పిగే అనే స్విస్ కంపెనీ 'రాయల్ ఓక్' పేరుతో ఒక వాచీ తెచ్చింది. డయలు చుట్టూ ఎనిమిది మూలల చట్రం, దాని మీద బాహాటంగా కనిపించే ఎనిమిది స్క్రూలు. చేసింది స్టీలుతో, చెప్పింది బంగారు వాచీల ధర. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1976లో, పాటెక్ ఫిలిప్ కంపెనీ 'నాటిలస్' తెచ్చింది. ఆ మరుసటి ఏడాది వాషెరాన్ కాన్‌స్టాంటిన్ వాళ్ల '222' వచ్చింది. మూడూ ఒకదానికొకటి పోటీ. మూడూ ఇవాళ సేకర్తలు వెతుక్కుంటూ తిరిగే వాచీలు.

విచిత్రమేమిటంటే, ఆ మూడింటిలోనూ ఉన్నది ఒకటే మిషను. తేదీ చూపే భాగంతో కలిపి సుమారు మూడు మిల్లీమీటర్ల మందం. దాన్ని 1967లో రూపొందించింది జేజర్ లెకూల్త్ర్ అనే నాలుగో కంపెనీ. అక్కడ దాని పేరు '920'. ఒడెమార్ పిగే దాన్ని 2121 అంది. పాటెక్ ఫిలిప్ 28-255 అంది. తయారుచేసిన జేజర్ లెకూల్త్ర్ మాత్రం తన పేరుతో అమ్మే ఏ వాచీలోనూ దాన్ని వాడుకోలేదు!

సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు లేదూ? స్విట్జర్లాండ్ కొండల్లో ఈ మాటంటే నవ్వుతారు. ఎందుకంటే అక్కడ వాచీలు పుట్టిందే ఈ పద్ధతిలో.

మంచు పల్లెల్లో మొదలు

ముందు మిషను సంగతి. బ్యాటరీ లేని వాచీకి కీ ఇచ్చినప్పుడు లోపల మెయిన్ స్ప్రింగు బిగుసుకుంటుంది. అది మెల్లగా విచ్చుకుంటూ పళ్లచక్రాలను తిప్పుతుంది. ఆ శక్తి అంతా ఒక్కసారే ఖర్చయిపోకుండా అడ్డుకునేది బ్యాలెన్స్ చక్రం. దాన్ని ఒక సన్నని హెయిర్ స్ప్రింగు అటూ ఇటూ ఊపుతుంటుంది. నేటి వాచీలు చాలావాటిలో ఆ చప్పుడు సెకనుకు ఎనిమిదిసార్లు. మనకు వినిపించే టిక్‌టిక్ అదే. చిన్నాపెద్దా కలిపి వందకు పైగా భాగాలు. ఏ ఒక్కటి మొరాయించినా వాచీ ఆగిపోతుంది.

ఇన్నిరకాల భాగాలు ఒక్కరే చేయడం కష్టం. ఫ్రాన్సు సరిహద్దున ఉండే జురా కొండల్లో చలికాలం నెలల తరబడి మంచు. పొలం పని ఉండదు, పశువులు కొట్టం దాటవు. అలాంటి రోజుల్లో పద్దెనిమిదో శతాబ్దపు రైతు కుటుంబాలు కిటికీ పక్కన బల్ల వేసుకుని వాచీ భాగాలు చేసేవి. ఒక ఇంట్లో చక్రాలు, ఇంకో ఇంట్లో స్క్రూలు, మరో ఇంట్లో ముళ్లు. వ్యాపారి వచ్చి అన్నీ పోగేసుకుని వెళ్లి, వాచీగా కూర్పించి, డయలు మీద తన పేరు వేయించి అమ్మేవాడు. ఫ్రెంచిలో దీన్ని 'ఎటాబ్లిసాజ్' అంటారు.

మనకిది కొత్తేం కాదు. పోచంపల్లిలోనో, గద్వాలలోనో మాస్టర్ వీవరు నూలిస్తాడు. రంగులద్దేది ఒకరు, పడుగు సిద్ధం చేసేది ఒకరు, మగ్గం మీద నేసేది మరొకరు. చివరికి సంచీ మీద ఉండేది పట్నంలో బట్టల షాపు పేరు. చీర గొప్పదనం తగ్గదు. నేసిన చేతి పేరు మాత్రం కొన్నవాళ్లకు తెలియదు.

లా షో ద ఫోన్ అనే స్విస్ పట్టణం ఈ పనిలో ఎంతగా మునిగిందంటే, కార్ల్ మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథంలో ఆ ఊరు ఊరంతా ఒకే పెద్ద కర్మాగారంలా ఉందని రాశాడు. వాచీల పని కోసమే పెరిగిన ఆ పట్టణాన్నీ, పక్కనున్న ల లోక్ల్‌నూ యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ కొండల్లోనే వాలే ద జు అనే లోయ ఉంది. ఆంత్వాన్ లెకూల్త్ర్ 1833లో అక్కడే చిన్న కార్ఖానా పెట్టాడు. మిల్లీమీటరులో వెయ్యోవంతును కొలిచే పరికరాన్ని 1844లో తయారుచేశాడు. అంత కచ్చితంగా కొలవగలిగినవాడికి గిరాకీ ఎందుకుండదు? పేరున్న కంపెనీలన్నీ ఆయన వారసుల దగ్గర మిషన్లు కొనడం మొదలుపెట్టాయి. పాటెక్ ఫిలిప్ అందులో ఒకటి. రాయల్ ఓక్‌లో లెకూల్త్ర్ వాళ్ల మిషను ఉండటం వెనక ఇంత చరిత్ర ఉంది.

చంద్రుడి దాకా వెళ్లిన మిషను

అదే లోయలో లెమానియా అని ఇంకో కంపెనీ ఉండేది. స్టాప్‌వాచీలా సమయాన్ని కొలిచే వాచీలను క్రోనోగ్రాఫ్‌లంటారు. వాటి మిషన్లు చేయడంలో లెమానియాది అందెవేసిన చేయి. 1942లో అక్కడ తయారైన ఒక మిషను ఒమేగా కంపెనీ 'స్పీడ్‌మాస్టర్' వాచీలోకి 321 పేరుతో చేరింది. 1965లో నాసా పరీక్షల్లో నెగ్గింది. 1969 జులైలో చంద్రుడి నేల మీద బజ్ ఆల్డ్రిన్ చేతికున్నది అదే వాచీ. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని వ్యోమనౌకలోనే ఉంచి దిగాడు, లోపలి గడియారం పనిచేయకపోవడంతో.

లోకమంతా ఒమేగా పేరు మారుమోగిపోయింది. లెమానియా పేరు వాచీలు బాగుచేసేవాళ్లకే తెలుసు.

ఆ కుటుంబానికే చెందిన మిషను 1986 నుంచి పాటెక్ ఫిలిప్ క్రోనోగ్రాఫ్‌లలోనూ కొట్టుకుంది. మూలం ఒకటే అయినా పనితనంలో ఎంతో తేడా. పాటెక్ వాళ్లు ముడి మిషను తెచ్చుకుని, ప్రతి భాగం అంచునూ చేత్తో ఏటవాలుగా అరగదీసి, అద్దంలా మెరుగుపెట్టి, మార్పులు చేసి వాడేవారు. బిగించాక ఎవరి కంటా పడని అడుగు భాగాలక్కూడా అదే శ్రద్ధ. తర్వాత 2009లో ఆ కంపెనీ పూర్తిగా తన సొంత క్రోనోగ్రాఫ్ మిషనును ఆవిష్కరించింది. అంతదాకా ప్రపంచంలోనే అత్యంత గౌరవం పొందిన క్రోనోగ్రాఫ్‌లకు మూలం బయటినుంచి వచ్చిందే. దానివల్ల వాటి విలువ ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

అటక మీద దాచిన విద్య

చంద్రుడి మీద వాచీ తిరిగిన ఆ ఏడాదే భూమ్మీద ఇంకో సంగతి జరిగింది. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ 'ఆస్ట్రాన్' అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. బ్యాటరీతో నడుస్తుంది, కీ ఇవ్వక్కర్లేదు, స్విస్ వాచీల కన్నా కచ్చితంగా సమయం చూపిస్తుంది. కొన్నేళ్లకే ధర కూడా పడిపోయింది. స్విస్ పల్లెల గుండెల్లో రాయి పడింది. 1970లో ఆ దేశపు వాచీ పరిశ్రమలో దాదాపు 90 వేలమంది పనిచేసేవారు. 1980ల మధ్యకొచ్చేసరికి మిగిలింది 30 వేల పైచిలుకే. కార్ఖానాలు మూతపడ్డాయి. తరాల నాటి యంత్రాలు తుక్కు కింద పోయాయి.

ల లోక్ల్‌లోని జెనిత్ కంపెనీ 1969లోనే 'ఎల్ ప్రిమెరో' అనే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ మిషను తెచ్చింది. సెకనుకు పదిసార్లు కొట్టుకునే మిషను అది. అంటే సెకనులో పదోవంతును కూడా కొలవగలదు. అంతలోనే కంపెనీ అమెరికాలోని జెనిత్ రేడియో కార్పొరేషన్ చేతిలోకి వెళ్లింది. కీ వాచీలకు కాలం చెల్లిందని ఆ యాజమాన్యం నమ్మింది. మెకానికల్ మిషన్ల తయారీ ఆపేయండి, పనిముట్లు వదిలించుకోండి అని 1975లో ఆదేశించింది.

అక్కడి వర్క్‌షాపు బాధ్యతలు చూసే షార్ల్ వెర్మోకు ఆ మాట మింగుడు పడలేదు. నచ్చజెప్పి చూశాడు. విన్నవాళ్లు లేరు. ఇక లాభం లేదని అచ్చులు, కోత పరికరాలు, నమూనాలు, కాగితాలు ఒక్కొక్కటిగా గుట్టుచప్పుడు కాకుండా కార్ఖానా అటక మీదికి చేర్చాడు. ఏది ఎందుకు పనికొస్తుందో, ఏది ఎక్కడ పెట్టాడో పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. పట్టుబడితే ఉద్యోగం ఊడేది. పట్టుబడకపోయినా, అవి మళ్లీ ఎవరికైనా పనికొస్తాయన్న నమ్మకం ఆరోజున ఎవరికీ లేదు.

1978లో జెనిత్ మళ్లీ స్విస్ యజమానుల చేతికొచ్చింది. కీ వాచీ మీద జనానికి మోజు తిరిగి మొదలైంది. 1980ల్లో ఎల్ ప్రిమెరోను మళ్లీ చేయాలనుకున్నప్పుడు, వెర్మో అటక తలుపు తీశాడు. ఆ అచ్చులు కొత్తగా చేయించాలంటే పెట్టాల్సిన పెట్టుబడి ఆ స్థితిలో కంపెనీ తలకు మించిన భారమయ్యేది.

ఆ మిషను కోసం తర్వాత వరుస కట్టినవాళ్లలో రోలెక్స్ కూడా ఉంది! 1988 నుంచి 2000 దాకా రోలెక్స్ 'డేటోనా' వాచీల్లో ఉన్నది ఎల్ ప్రిమెరో ఆధారంగా చేసిన మిషనే. రోలెక్స్ దాన్ని బాగా మార్చుకుంది. సెకనుకు పది చప్పుళ్లను ఎనిమిదికి తగ్గించి, తన పద్ధతిలో బ్యాలెన్స్ చక్రం పెట్టి, 4030 అని నంబరు వేసుకుంది. ఆ పన్నెండేళ్ల డేటోనాలను సేకర్తలు ఇవాళ 'జెనిత్ డేటోనా' అనే పిలుస్తారు. డయలు మీద లేని పేరు జనం నోట నిలబడింది.

తాళంచెవి ఒక్కరి చేతిలో

సంక్షోభం ముదిరాక, మునిగిపోతున్న రెండు పెద్ద స్విస్ గ్రూపులను 1983లో కలిపేశారు. ఆ పనికి దారి చూపిన నికోలస్ హాయెక్ తర్వాత దాని పగ్గాలు పట్టాడు. అదే ఇవాళ్టి స్వాచ్ గ్రూపు. ఆ కలయికతో గ్రెన్‌షెన్ పట్టణంలోని ఈటీఏ అనే మిషన్ల కంపెనీ కూడా దాని కిందికొచ్చింది. ఒకప్పుడు ఊరికొకటిగా ఉన్న ముడి మిషన్ల కార్ఖానాలు ఒక్కటొక్కటిగా అప్పటికే ఈటీఏలో కలిసిపోయి ఉన్నాయి.

దాంతో ఒక చిత్రమైన పరిస్థితి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో వాచీ కంపెనీ పెట్టాలనుకున్నవాళ్లు సొంతంగా మిషను చేయనక్కర్లేదు. ఈటీఏ నుంచి 2824 కొంటే మామూలు ఆటోమేటిక్ వాచీ, 2892 కొంటే పల్చటి వాచీ, 7750 కొంటే క్రోనోగ్రాఫ్. నాణ్యతనుబట్టి వాటిలోనూ రకాలు. మామూలు రకం ఒకటి, దానికన్నా మెరుగైనవి, అన్నిటికన్నా పైన కచ్చితత్వం పరీక్షలో సర్టిఫికెట్ పొందే రకం. కొన్ని కంపెనీలు తెచ్చింది తెచ్చినట్టు బిగించేవి. ఐడబ్ల్యూసీ లాంటివి 7750ని విప్పి, మార్చి, సరిచేసి వాడేవి. బ్రైట్‌లింగ్ దాన్ని '13' అంది. ట్యాగ్ హ్యూయర్ '16' అంది. ధరలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా!

హాయెక్‌కు ఇది నచ్చలేదు. ఫ్యాక్టరీలకూ పరిశోధనకూ డబ్బు పెట్టేది తమ గ్రూపు, ఆ మిషన్లు కొని ప్రకటనలకు డబ్బు పెట్టి లాభాలు తీసుకునేది బయటివాళ్లు అన్నది ఆయన ఫిర్యాదు. బయటివాళ్లకు ముడి మిషన్ల సరఫరా క్రమంగా ఆపేస్తామని 2002లో ఈటీఏ ప్రకటించింది. చిన్న కంపెనీలకు గుండె ఆగినంత పనయింది. కొనడానికి అంత పెద్ద సంఖ్యలో మిషన్లు చేసే మరో చోటు అప్పటికి లేదు. సొంతంగా ఒక మిషను రూపొందించి నమ్మకంగా పనిచేయించాలంటే ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి.

పంచాయితీ స్విస్ పోటీ కమిషన్ దగ్గరికి వెళ్లింది. 2004లో ఒక రాజీ కుదిరింది, సరఫరా 2010 చివరిదాకా సాగాలని. 2013లో ఇంకో ఒప్పందం కుదిరింది. 2009-11 మధ్య సగటున అమ్మినదాంట్లో 2014, 15 సంవత్సరాల్లో 75 శాతం, తర్వాతి రెండేళ్లలో 65 శాతం, 2018, 19లో 55 శాతం ఇవ్వాలి. 2020 జులైలో కమిషన్ ఆ కట్టుబాట్లకు ముగింపు పలికింది.

ఈలోగా బయటివాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. లా షో ద ఫోన్‌లో 1950 నుంచీ ఉన్న సెలిటా అనే సంస్థ అంతకుముందు ఈటీఏ భాగాలను బిగించిపెట్టే పని చేసేది. ఆ పనే పోతుందని తెలిశాక సొంత తయారీకి దిగింది. 2824 పేటెంట్ల గడువు తీరిపోవడంతో, అదే కొలతలతో ఎస్‌డబ్ల్యూ200 తెచ్చింది. పాత డబ్బాలో కొత్త మిషను సరిగ్గా అమరిపోతుంది. ఓరిస్, ట్యాగ్ హ్యూయర్ లాంటి కంపెనీలు దాన్ని వాడుకున్నాయి. కూలిపని చేసినవాళ్లే పోటీదారులయ్యారు! 2016లో రోలెక్స్ సోదర సంస్థ ట్యూడర్ 'కెనిసీ' అనే మిషన్ల కంపెనీ పెట్టింది. ఫ్యాషన్ సంస్థ షనెల్ అందులో వాటా తీసుకుంది. 2017లో ట్యూడర్, బ్రైట్‌లింగ్ ఒకరి మిషను ఒకరు వాడుకునే ఏర్పాటు చేసుకున్నాయి. ఇల్లిల్లూ తిరిగి భాగాలు పోగేసిన పాత పద్ధతి ఇలా కొత్త రూపంలో సాగుతోంది.

సొంతమంటే ఎంత సొంతం?

సరఫరా ఆగిపోతుందన్న భయం నుంచి ఇంకోటి పుట్టింది. 'మిషను మా సొంతం' అన్న మాట ప్రకటనల్లోకి ఎక్కింది. వందేళ్లపాటు ఎవరూ పట్టించుకోని విషయం హఠాత్తుగా పరువు సమస్యయింది. ట్యాగ్ హ్యూయర్ 2009లో '1887' అనే మిషనును తన సొంతమని ప్రకటించింది. దాని మూలం సీకో నుంచి హక్కులు కొన్న డిజైనని వాచీల ప్రియులు పసిగట్టారు. తర్వాత కంపెనీ ఆ సంగతి ఒప్పుకుంది. హక్కులు కొనుక్కోవడంలో తప్పేం లేదు. ముందే చెప్పి ఉంటే రచ్చ అయ్యేదే కాదు.

అసలు 'సొంతం' అన్న గీత ఎక్కడ గీయాలో చెప్పడం కష్టం. రోలెక్స్ మిషన్లను మొదటి రోజుల నుంచీ బీల్ పట్టణంలోని ఏగ్లర్ కుటుంబపు సంస్థే తయారుచేసేది. రోలెక్స్ దాన్ని కొనుక్కున్నది 2004లో. ఇక మిషనులో ప్రాణమైన హెయిర్ స్ప్రింగు సంగతి చూస్తే, తల వెంట్రుక కన్నా సన్నని ఆ తీగను వేడికీ చలికీ సాగకుండా తయారుచేయగలవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఆ లోహాల గుట్టు విప్పినందుకే షార్ల్ ఎదువార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1930ల్లో రైన్‌హార్డ్ స్ట్రౌమన్ దాన్ని ఇంకా మెరుగుపరిచి 'నివారోక్స్' లోహం తెచ్చాడు. ఆ పేరుతోనే ఉన్న కంపెనీ నేడు స్వాచ్ గ్రూపుది. మిషను తమ సొంతమని చెప్పుకునే చాలా కంపెనీలు హెయిర్ స్ప్రింగు తెచ్చుకునేది అక్కడి నుంచే.

రిపేరుకొచ్చినప్పుడు..

కొనేవాళ్లకు ఇదంతా ఎందుకంటే, వాచీ ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. నూనె ఎండిపోతుంది, స్ప్రింగు తెగుతుంది. ఒక్క కంపెనీయే చేసే అరుదైన మిషనైతే వాచీని ఆ కంపెనీకే పంపాలి. వాళ్లు చెప్పినంత ఇవ్వాలి, చెప్పినన్నాళ్లు ఆగాలి. 2824 లాంటి పదిమంది వాడే మిషనైతే పని తెలిసిన మెకానిక్ ఎవరైనా విప్పగలడు, భాగాలూ దొరుకుతాయి. 'వేరేవాళ్ల మిషను' అని చిన్నచూపు చూసేదే మనవడి చేతికి వెళ్లేదాకా నడవొచ్చు.

మన హెచ్ఎంటీ కూడా 1961లో జపాన్ సిటిజన్ సాంకేతిక సాయంతోనే బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. అది పరాయి మిషనని మన ఇళ్లలో ఎవరూ అనుకోలేదు. పెళ్లికి కానుకగా ఇచ్చారు, పరీక్ష పాసైన పిల్లలకు కొనిపెట్టారు. హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కంపెనీ పోయినా జనతాలూ కోహినూర్లూ ఇంకా నడుస్తున్నాయంటే, వాటి మిషను లోతుపాతులు తెలిసిన చేతులు ఇంకా ఉన్నందువల్లే.

అందుకే ఖరీదైన వాచీ కొనేముందు షాపులో ఒక ప్రశ్న అడగడం మంచిది. లోపల ఉన్నది ఎవరి మిషను, దాన్ని ఎక్కడ బాగుచేస్తారు? సిగ్గుపడకుండా సూటిగా జవాబు చెప్పిన షాపులో నిశ్చింతగా కొనుక్కోవచ్చు.